మన పండగ ఫోటో లోకల్ పేపర్‌కు పంపుతున్నారా? పర్మిట్, పేర్లు, అనుమతి ముందే చూసుకోండి

శనివారం సాయంత్రం. స్కూల్ జిమ్ అద్దెకు తీసుకుని మనవాళ్లు బతుకమ్మ ఆడుతున్నారు. మీరు ఫోన్‌తో నాలుగు ఫోటోలు తీశారు. నిర్వాహకుల్లో ఒకరు వచ్చి, "అన్నా, లోకల్ పేపర్ వాళ్లు ఫోటో అడిగారు. రేపు మధ్యాహ్నం లోపు కావాలంట. నువ్వు బాగా తీస్తావు కదా, పంపేయ్" అన్నారు. మీరు సరే అన్నారు.

పని చిన్నదే. కానీ మీరు కాంట్రాక్ట్ మీద కెనడా వచ్చినవాళ్లయితే మూడు ప్రశ్నలకు జవాబు ఉండాలి. మీ పర్మిట్ ఈ పనిని ఒప్పుకుంటుందా? ఫోటోలో ఉన్నవాళ్ల పేర్లు సరిగ్గా మీ దగ్గర ఉన్నాయా? వాళ్లు పేపర్‌లో కనిపించడానికి ఒప్పుకున్నారా? డెడ్‌లైన్ గంటలో కూర్చుని ఈ మూడూ తేల్చుకోలేం. ఫోటో తీయకముందే తేల్చుకోవాలి.

పేపర్లు మనల్ని ఎందుకు అడుగుతున్నాయి?

కెనడాలో లోకల్ పేపర్ల పరిస్థితి బాగా లేదు. ఒంటారియోలో మెట్రోలాండ్ సంస్థ 2023 సెప్టెంబరులో 70కి పైగా కమ్యూనిటీ పత్రికల ముద్రణ ఆపేసింది. 605 ఉద్యోగాలు పోయాయి. మనవాళ్లు ఎక్కువగా ఉండే ప్రాంతాల పత్రికలు 'బ్రాంప్టన్ గార్డియన్', 'మిసిసాగా న్యూస్' అప్పటి నుంచి ఆన్‌లైన్‌కే పరిమితమయ్యాయి. ఇలాంటి చిన్న పత్రికల్లో శని, ఆదివారాలు అన్ని పండగలకూ ఫోటోగ్రాఫర్‌ను పంపే స్తోమత ఇప్పుడు పెద్దగా లేదు. అందుకే నిర్వాహకులు, కార్యక్రమానికి వచ్చినవాళ్లు పంపే ఫోటోల మీద ఆధారపడుతున్నాయి.

ఆ పేపర్లను మేయరు, కౌన్సిలర్లు, స్కూల్ బోర్డు వాళ్లు చూస్తారు. రేపు మన సంఘం మైదానం కోసమో, హాలు కోసమో సిటీకి దరఖాస్తు పెట్టుకున్నప్పుడు పేపర్‌లో పడిన ఫోటో పనికొస్తుంది. కాబట్టి పంపడం మంచిదే. పద్ధతి తెలిసి పంపండి.

ముందు మీ పర్మిట్ చూసుకోండి

కెనడా ఇమ్మిగ్రేషన్ నిబంధనల్లో "పని" అంటే రెండు రకాలు. ఒకటి, జీతమో కమిషనో వచ్చేది. రెండోది, డబ్బు రాకపోయినా ఉద్యోగ మార్కెట్‌లో కెనడా పౌరులు, పీఆర్‌లు చేసే పనికి నేరుగా పోటీ అయ్యేది. ఈ రెండో భాగం చాలామందికి తెలియదు. "నేను డబ్బు తీసుకోలేదు కదా" అన్న ఒక్క మాట అన్నివేళలా సరిపోదు.

క్లోజ్డ్ పర్మిట్ ఉంటే: పర్మిట్ మీద ఏ యజమాని పేరు ఉందో వాళ్ల దగ్గరే పని చేయాలి. పేపర్ నుంచి గానీ, సంఘం నుంచి గానీ ఫోటోలకు డబ్బు తీసుకోకండి. "ఫోటోకు 50 డాలర్లే కదా" అనుకోవద్దు. గిఫ్ట్ కార్డు ఇచ్చినా ప్రతిఫలం కింద లెక్కపడొచ్చు. మన పండగకు మనం వెళ్లి, సరదాగా తీసిన ఒకటి రెండు ఫోటోలు సంఘం తరఫున ఉచితంగా ఇవ్వడం వేరు. ప్రతి వారం పేపర్ చెప్పిన చోటికల్లా వెళ్లి, జీతం తీసుకునే ఫోటోగ్రాఫర్ చేయాల్సిన పని ఉచితంగా చేయడం వేరు. రెండోది చిక్కు తెస్తుంది.

ఓపెన్ పర్మిట్ ఉంటే: డబ్బు తీసుకుని ఫ్రీలాన్స్‌గా చేయొచ్చు. పర్మిట్ మీద ఏవైనా షరతులు రాసి ఉన్నాయేమో ముందు చదవండి. ఒక సంగతి గుర్తుంచుకోండి. కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాస్ కింద పీఆర్‌కు వెళ్లేవాళ్లకు సొంతంగా చేసిన ఫ్రీలాన్స్ పని అనుభవం కింద లెక్కకు రాదు.

స్టూడెంట్లు అయితే: క్యాంపస్ బయట పని చేసే అర్హత ఉన్నవాళ్లకు, 2024 నవంబరు 8 నుంచి, క్లాసులు జరిగే రోజుల్లో పరిమితి వారానికి 24 గంటలు. డబ్బు తీసుకుని ఫోటోలు తీస్తే ఆ గంటలూ అందులోకే వస్తాయి. స్టోర్‌లో 20 గంటలు చేసి, శనివారం ఆరు గంటలు ఫోటోలు తీస్తే పరిమితి దాటినట్టే.

ఇండియా నుంచి చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నలు: వీళ్లు విజిటర్లు. సూపర్ వీసా మీద ఉన్నా అంతే. డబ్బు వచ్చే పని వద్దు.

అనుమతి లేని పని చేసినట్టు తేలితే అప్పటికప్పుడే కాకపోయినా, పర్మిట్ రెన్యువల్‌లోనో, పీఆర్ ఫైల్‌లోనో అది మీ ముందుకొస్తుంది. అనుమానం ఉంటే వాట్సాప్ గ్రూపులో అడగడం కాదు, లైసెన్సు ఉన్న కన్సల్టెంట్‌నో లాయర్‌నో అడగండి. కన్సల్టెంట్ల పేర్లు కాలేజ్ ఆఫ్ ఇమ్మిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్స్ వెబ్‌సైట్‌లో వెతికి చూసుకోవచ్చు. అక్కడ పేరు లేనివాళ్ల సలహాకు డబ్బు కట్టకండి.

ఎడిటర్‌ను ముందే అడగాల్సినవి

కార్యక్రమానికి రెండు మూడు రోజుల ముందే నిర్వాహకుల చేత పేపర్‌కు ఒక మెయిల్ పెట్టించండి. అందులో ఇవి అడగండి.

ఫోటో ఎప్పటిలోగా కావాలి, ఎవరి టైమ్ ప్రకారం? కెనడాలో ఆరు టైమ్ జోన్లు ఉన్నాయి. కొన్ని పత్రికల పేజీలు వేరే నగరంలో తయారవుతాయి. టొరంటోలో 5 గంటలంటే కాల్గరీలో 3 గంటలు. మీరు కాల్గరీలో ఉండి "సాయంత్రం 5 కదా" అనుకుంటే రెండు గంటలు ఆలస్యమైపోతుంది.

ఎన్ని ఫోటోలు కావాలి? అడ్డంగానా, నిలువుగానా? అచ్చు పేపర్‌కా, వెబ్‌సైట్‌కా? ఫోటో కింద ఎవరి పేరు వేస్తారు? పిల్లల ఫోటోలకు రాతపూర్వక అనుమతి అడుగుతారా?

ఈ జవాబులు చేతిలో ఉంటే ఆ రోజు పని సగం అయిపోయినట్టే.

హాలులో ఫోటో ఎలా తీయాలి?

పేపర్‌కు కావాల్సింది స్టేజి మీద వరసగా నిలబడిన 20 మంది గ్రూప్ ఫోటో కాదు. అది కూడా ఒకటి తీయండి, నిర్వాహకులు అడుగుతారు. కానీ ఎడిటర్ వాడుకునేది ఎక్కువగా మనుషులు ఏదో చేస్తూ కనిపించే ఫోటోనే. బతుకమ్మ పేర్చే చేతులు, పక్కన చూస్తున్న చిన్నపాప, వంగి చప్పట్లు కొట్టే వలయం, ఉగాది పచ్చడి మొదటిసారి నోట్లో పెట్టుకున్న పక్కింటి కెనడియన్ మొహం. ఇలాంటివి పండగ తెలియనివాళ్లకు కూడా అర్థమవుతాయి.

మూడు దూరాల నుంచి తీయండి. దూరం నుంచి హాలంతా కనిపించేది ఒకటి. మధ్య దూరం నుంచి ఇద్దరు ముగ్గురు మనుషులు ఉన్నది ఒకటి. దగ్గర నుంచి పూలో, చేతులో, ప్రసాదమో ఒకటి. ఈ మూడూ చేతిలో ఉంటే పేజీలో ఏ ఖాళీకైనా సరిపోయేది దొరుకుతుంది.

ఇండియాలో కొన్న కెమెరా అయితే ఒక సెట్టింగ్ మార్చండి. ఇండియాలో కరెంటు 50 హెర్ట్జ్, కెనడాలో 60. హాలు లైట్ల కింద ఫోటోలో అడ్డంగా నల్ల చారలు పడుతుంటే కారణం తరచూ అదే. కెమెరాలో ఫ్లికర్ సెట్టింగ్‌ను 60కి మార్చండి. షట్టర్ స్పీడ్ మీ చేతిలో ఉంటే 1/60 లేదా 1/125 దగ్గర పెట్టండి. ఆడేవాళ్ల చేతులు మసకగా వస్తున్నాయా? వాళ్లు వంగి చప్పట్లు కొట్టి లేచే ముందు ఒక్క క్షణం ఆగుతారు. అప్పుడు నొక్కండి.

చలికాలంలో ఇంకో సమస్య. సంక్రాంతి ముగ్గు బయట మంచులో వేసి, గొబ్బెమ్మలు పెట్టి లోపలికి వస్తారు. చల్లటి కెమెరా వెచ్చటి హాలులోకి రాగానే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. తుడిచినా మళ్లీ పడుతుంది. బ్యాగు జిప్ మూసి, అరగంట అలాగే ఉంచండి. ఫోన్ బ్యాటరీ చలికి తొందరగా దిగిపోతుంది. కోటు లోపలి జేబులో పెట్టుకోండి. జనవరి మధ్యలో టొరంటోలో సాయంత్రం 5 దాటేసరికి పొద్దు పోతుంది, ఎడ్మంటన్‌లో ఇంకా ముందే. బయట తీయాల్సినవి మధ్యాహ్నమే తీసేసుకోండి.

గుడిలో అయితే ముందు పూజారిని గానీ, కమిటీ వాళ్లను గానీ అడగండి. గర్భగుడి ఫోటో చాలా చోట్ల ఒప్పుకోరు. డ్రోన్ ఆలోచన ఉంటే మానుకోండి. 250 గ్రాములు, ఆపైన బరువున్న డ్రోన్‌కు రిజిస్ట్రేషన్, నడిపేవాళ్లకు సర్టిఫికెట్ కావాలి. ప్రచారం చేసి జనాన్ని పిలిచిన కార్యక్రమం దగ్గర ఎగరేయాలంటే ట్రాన్స్‌పోర్ట్ కెనడా నుంచి విడిగా ప్రత్యేక అనుమతి కావాలి.

పేర్లు: ఎక్కువ తప్పులు ఇక్కడే

ఫోటో ఎంత బాగున్నా పేర్లు లేకపోతే ఎడిటర్ పక్కన పెట్టేయొచ్చు. మన పేర్లతో ఇబ్బంది ఇంకొంచెం ఎక్కువ. ఇంటిపేరు ముందు వస్తుంది. పాస్‌పోర్ట్‌లో ఒకటి, పిలిచేది ఒకటి. "లక్ష్మి" అనే ఒక్క పేరునే ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాస్తారు. మీరు విని రాసుకుంటే తప్పు పోతుంది.

తేలిక పద్ధతి ఒకటుంది. ఫోటో తీసిన వెంటనే మీ ఫోన్‌లో నోట్ తెరిచి వాళ్ల చేతికివ్వండి. "పేపర్‌లో మీ పేరు ఎలా రావాలో మీరే టైప్ చేయండి" అనండి. ఒక్క పనితో పేరు సరిగ్గా వస్తుంది, పేపర్‌లో వేస్తారన్న సంగతి వాళ్లకూ తెలుస్తుంది. తర్వాత ఎడమ నుంచి కుడికి ఎవరెవరు ఉన్నారో అదే నోట్‌లో రాసుకోండి. చీర రంగు కూడా రాస్తే రాత్రి గుర్తుపట్టడం సులువు.

క్యాప్షన్‌లో ఉండాల్సినవి: ఎవరు, ఏం చేస్తున్నారు, ఎక్కడ, ఏ రోజు, ఏ కార్యక్రమం. చివర ఒక్క వాక్యంలో పండగ గురించి. ఉదాహరణకు: "ఫలానా వారు (ఎడమ), ఫలానా వారు శనివారం ఫలానా కమ్యూనిటీ సెంటర్‌లో బతుకమ్మను పేరుస్తున్నారు. బతుకమ్మ తెలంగాణలో ఆడవాళ్లు తొమ్మిది రోజులు జరుపుకునే పూల పండగ." ఇంత చాలు. "అంగరంగ వైభవంగా" లాంటి మాటలు ఎడిటర్ కొట్టేస్తారు.

వచ్చినవాళ్ల సంఖ్య ఊహించి రాయకండి. నిర్వాహకులు 500 అంటే "నిర్వాహకుల లెక్క ప్రకారం" అని రాయండి.

ఎవరి ఫోటో తీయకూడదు?

ఇది అన్నిటికంటే ముఖ్యం. మీకు అది పండగ ఫోటో. అందులో ఉన్న ఒకరికి ఉద్యోగమో, పర్మిటో, ప్రాణమో కావచ్చు.

చట్టం ఏమంటుందంటే, కెనడాలో రోడ్డు మీద, పార్కులో ఫోటో తీయడం మామూలుగా తప్పు కాదు. కానీ అద్దె హాలు, గుడి, స్కూల్ లాంటి చోట్ల ఆ స్థలం వాళ్లు పెట్టిన నియమమే నడుస్తుంది. వద్దంటే ఆపేయాలి. క్యూబెక్‌లో ఇంకా గట్టిగా ఉంటుంది. మాంట్రియల్‌లో ఒక భవనం మెట్ల మీద కూర్చున్న 17 ఏళ్ల అమ్మాయి ఫోటోను అడక్కుండా ఒక పత్రికలో వేశారు. ఆబ్రీ కేసుగా పేరుపడిన ఆ వివాదంలో, 1998లో సుప్రీంకోర్టు ఆ అమ్మాయికి 2,000 డాలర్ల పరిహారాన్ని ఖాయం చేసింది. జనం గుంపును తీయడం వేరు, ఒక్క మనిషినే గుర్తుపట్టేలా తీసి వేయడం వేరు. మాంట్రియల్‌లో ఉన్నవాళ్లు ఈ తేడా మర్చిపోకండి.

చట్టం ఒప్పుకున్నా, ఈ కింది వాళ్లను అడక్కుండా తీయొద్దు.

ఫుడ్ స్టాల్‌లో నిలబడ్డవాళ్లు: క్లోజ్డ్ పర్మిట్ మీద ఉన్న ఒక అన్న, స్నేహితుడి దోసె స్టాల్‌లో గంటసేపు సాయం చేస్తుంటాడు. మీరు ఫోటో తీసి "దోసె స్టాల్ నడుపుతున్న ఫలానా" అని రాసి పంపారు. అతను అక్కడ పని చేస్తున్నాడని మీరే ఊరంతా చెప్పినట్టు. అలాంటి ఫోటోలో పెనం మీద దోసెను తీయండి, మనిషిని కాదు.

ఆ రోజు డ్యూటీకి వెళ్లనివాళ్లు: సిక్ లీవ్ పెట్టి పండగకు రావడం సరైనదా కాదా అన్నది వాళ్లకు, యజమానికి సంబంధించిన విషయం. మీ ఫోటో అందులో సాక్ష్యం కానక్కర్లేదు.

ఇంటి గొడవల నుంచి బయటపడ్డ ఆడవాళ్లు, శరణార్థి దరఖాస్తు పెట్టుకున్నవాళ్లు: తాము ఏ ఊళ్లో ఉన్నారో తెలియకూడదని వాళ్లు కోరుకోవచ్చు. కారణం అడక్కండి. "వద్దు" అంటే అంతే.

యజమాని మీద ఫిర్యాదు చేసినవాళ్లు: పనిచోట వేధింపులకు గురైన కార్మికులకు 2019 జూన్ నుంచి ప్రత్యేకంగా ఓపెన్ వర్క్ పర్మిట్ ఇచ్చే పద్ధతి ఉంది. ఆ దరఖాస్తులో ఉన్నవాళ్లు పాత యజమాని కంట పడకూడదనుకుంటారు. జీతాల సమస్య మీద పెట్టిన కార్మికుల మీటింగ్ అయితే వెనక నుంచి తీయండి. ప్లకార్డులు, చేతులు, కుర్చీల వరస చాలు. యూనిఫాం లోగో, ఐడీ కార్డు ఫ్రేములోకి రానివ్వకండి. ఫోన్‌లో లొకేషన్ కూడా ఆఫ్ చేయండి. లేకపోతే ఆ చోటు వివరం ఫోటో ఫైల్‌తో పాటే వెళ్లిపోతుంది.

పిల్లలు: అమ్మనో నాన్ననో అడగండి. పేరుతో పాటు స్కూల్ పేరు వేయొద్దు.

అన్నిటికీ ఒక మంచి పద్ధతి ఉంది. కార్యక్రమం మొదట్లోనే మైకులో చెప్పించండి: "ఈరోజు ఫోటోలు లోకల్ పేపర్‌కు వెళ్తాయి. ఇష్టం లేనివాళ్లు మాకు చెప్పండి, ఈ కుడి వైపు ఫోటోలు తీయం." ఎవరూ సిగ్గుపడకుండా అటు వెళ్లి కూర్చుంటారు.

డెడ్‌లైన్ గంటలో

కార్యక్రమం అయ్యాక భోజనం క్యూ దగ్గరే సగం పని కానిచ్చేయొచ్చు. వరస ఇలా పెట్టుకోండి.

ముందు ఎనిమిది పది ఫోటోలు ఎంచుకోండి. ప్రతి దాంట్లో వెనక ఎవరెవరు పడ్డారో జూమ్ చేసి చూడండి. వద్దన్న మనిషి మూలలో కనిపిస్తే ఆ ఫోటో తీసేయండి. చివరికి మూడో నాలుగో మిగిలితే చాలు.

వెలుతురు కొంచెం పెంచొచ్చు, అంచులు కత్తిరించొచ్చు. అంతకు మించి వద్దు. యాప్‌తో మనిషిని చెరిపేయడం, పూలు పెంచడం, ఏఐతో బ్యాక్‌గ్రౌండ్ మార్చడం వార్తా ఫోటోలో కుదరదు. అలాగే ముఖ్య అతిథి చేత దీపం మళ్లీ వెలిగించి తీసి, అసలు ఘట్టం అన్నట్టు పంపకండి.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో నాణ్యత పడిపోతుంది. మెయిల్‌లో అసలు ఫైలే పంపండి. వాట్సాప్ తప్పదంటే డాక్యుమెంట్‌గా పంపండి. ఐఫోన్ అయితే ముందే కెమెరా ఫార్మాట్‌ను జేపెగ్‌కు మార్చి పెట్టుకోండి, కొన్ని ఆఫీసు కంప్యూటర్లలో ఐఫోన్ ఫార్మాట్ తెరుచుకోదు. ఆరు అంగుళాల వెడల్పున బాగా అచ్చు కావాలంటే దాదాపు 1,800 పిక్సెళ్లు కావాలి. ఫోన్ తీసిన అసలు ఫైల్‌లో అంతకంటే ఎక్కువే ఉంటాయి. స్క్రీన్‌షాట్ పంపకండి.

మెయిల్ సబ్జెక్ట్‌లో కార్యక్రమం, ఊరు, తేదీ రాయండి. లోపల ఒక్కో ఫోటోకు ఒక్కో క్యాప్షన్, కింద మీ ఫోన్ నంబరు. ఆ రాత్రి ఫోన్ ఆఫ్ చేయకండి. ఎడిటర్‌కు ఒక పేరు మీద అనుమానం వచ్చి ఫోన్ చేసినప్పుడు మీరు దొరక్కపోతే ఆ ఫోటో ఆగిపోవచ్చు.

ఫోటో హక్కు ఎవరిది?

కెనడాలో ఫోటో తీసినవాళ్లే దాని మొదటి హక్కుదారు. 2012 నవంబరుకు ముందు, డబ్బిచ్చి తీయించినవాళ్లకు ఆ హక్కు వెళ్లేది. చట్టం మార్చాక తీసినవాళ్లకే దక్కుతోంది. మీరు ఒక సంస్థలో ఉద్యోగిగా తీస్తే, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు యజమానిది. హక్కు కాలం ఫోటో తీసినవాళ్ల జీవితకాలం, ఆపైన 70 ఏళ్లు.

కాబట్టి పేపర్ పంపిన ఫారం చదవకుండా సంతకం పెట్టొద్దు. "ఒకసారి వాడుకోవడానికి" అంటే సరే. "అన్ని హక్కులూ మావే" అని ఉంటే అడగండి. మీ పేరు వేయించుకునే హక్కును చట్టం నైతిక హక్కుగా చూస్తుంది. దాన్ని వేరేవాళ్లకు రాసివ్వలేరు, కానీ వదులుకుంటున్నట్టు సంతకం మాత్రం పెట్టించుకోవచ్చు. ఆ లైను ఉందేమో చూడండి.

ఓపెన్ పర్మిట్ మీద డబ్బు తీసుకుంటే ఆ ఆదాయాన్ని ట్యాక్స్ రిటర్న్‌లో చూపించాలి. సొంత పని చేసేవాళ్ల రిటర్న్‌కు జూన్ 15 వరకు గడువు ఉంటుంది, కట్టాల్సిన పన్నుకు మాత్రం ఏప్రిల్ 30యే. వరసగా నాలుగు త్రైమాసికాల్లో అమ్మకాలు 30,000 డాలర్లు దాటనంత వరకు చాలామందికి జీఎస్టీ, హెచ్ఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు.

అచ్చయ్యాక

పేపర్ లింకు ఫేస్‌బుక్‌లో పెడితే రావడం లేదని కంగారు పడకండి. ఆన్‌లైన్ న్యూస్ చట్టంతో వచ్చిన వివాదం వల్ల 2023 ఆగస్టు నుంచి మెటా సంస్థ కెనడాలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో వార్తల లింకులు ఆపేసింది. లింకును మెయిల్‌లో పంపుకోండి. అచ్చు పేపరైతే రెండు కాపీలు దాచండి, ఒకటి సంఘం ఫైల్‌కు, ఒకటి ఫోటోలో ఉన్నవాళ్లకు.

పేరు తప్పు పడితే ఆ రోజే ఎడిటర్‌కు మెయిల్ పెట్టండి. వెబ్‌సైట్‌లో వెంటనే సరిచేయడం కష్టం కాదు. ఎడిటర్ పట్టించుకోకపోతే, ఆ పేపర్ సభ్యురాలైతే నేషనల్ న్యూస్‌మీడియా కౌన్సిల్‌కు, క్యూబెక్‌లో అయితే అక్కడి ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు.

అన్నిటికంటే ముఖ్యంగా, ఎవరైనా ఆలస్యంగా ఫోన్ చేసి "అన్నా, నా ఫోటో వద్దు, ఇబ్బంది అవుతుంది" అంటే, డెడ్‌లైన్ అయిపోయిందని చెప్పి ఊరుకోకండి. వెంటనే ఎడిటర్‌కు ఫోన్ చేయండి. పేజీ ప్రెస్‌కు వెళ్లేవరకు ఫోటో మార్చే వీలుండొచ్చు. వెళ్లిపోయినా వెబ్‌సైట్‌లోంచి తీయమని అడగొచ్చు. బతుకమ్మ ఫోటో వచ్చే ఏడు మళ్లీ తీసుకోవచ్చు. అతని పర్మిట్ పోతే మళ్లీ తెచ్చివ్వడం మన చేతిలో ఉండదు.